వెయ్యిమంది ఫస్టుల మధ్య

జూలై

ఉభాల రోజులు. గొట్టా బ్యారేజీ నుంచి వంశధార ఎడమ కాలువకు నీళ్లొదిలారు. కోటబొమ్మాళి చుట్టూ మడుల్లో ఆడవాళ్లు వరుసలో వంగి ఆకు నాటుతున్నారు. ఇలాంటి రోజున నాన్న పొలం వదిలి ఊరు దాటడం నువ్వు పుట్టాక చూడలేదు. ఇవాళ మాత్రం మడి పని మామ్మకు అప్పజెప్పి, ఉతికిన చొక్కా తొడుక్కొని, నీ ట్రంకు పెట్టె భుజానికెత్తుకొని బస్సు కోసం నిలబడ్డాడు.

అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సంచిలో నువ్వుండలు, చోడిపిండి డబ్బా, మాగాయ సీసా సర్దింది. సీసా మూతకు గుడ్డ చుట్టి రెండు ముళ్లేసింది. నీ చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో కాల్ లెటరు, పదో తరగతి మార్కుల జాబితా, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. దాన్ని ఒళ్లో పెట్టుకొని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నావు.

నీకు పదిహేనేళ్లు. యూనివర్సిటీకి వెళ్తున్నావు.

"ఈ వయసుకి యూనివర్సిటీ ఏటే?" అని నిన్న పక్కింటి అత్త బుగ్గలు నొక్కుకుంది. ఆవిడ ఆశ్చర్యంలో అర్థముంది. డిగ్రీ చదవడానికి టెక్కలి, పీజీకి విశాఖపట్నం, ఊరికి తెలిసిన వరస అదే. నువ్వు వెళ్తున్న చోటు వేరు. పేరు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. జనం నోట్లో ట్రిపుల్ ఐటీ. పల్లెటూరి పిల్లల కోసమని 2008లో పెట్టారు. పదో తరగతి కాగానే చేర్చుకుంటారు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు ఒకే గొడుగు కింద. మొదట నూజివీడు, ఇడుపులపాయ, బాసర క్యాంపస్‌లు వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణకు వెళ్లింది. 2016లో శ్రీకాకుళం, ఒంగోలు కొత్తగా చేరాయి. శ్రీకాకుళం పేరు మీద చేరిన తొలి పిల్లలు నూజివీడులో చదువు మొదలుపెట్టి ఆ తర్వాత సొంత జిల్లాకు వచ్చారు. నువ్వు నేరుగా ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురానికే వెళ్తున్నావు.

బస్సు నిమ్మాడ దాటింది. నరసన్నపేటలో సగం ఖాళీ అయి మళ్లీ నిండింది. మడపాం వంతెన మీద నాన్న కిటికీ లోంచి వంశధార నీటి మట్టం చూసి తనలో తాను ఏదో లెక్క వేసుకున్నాడు. శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు మారారు. నాగావళి దాటారు. ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ కనిపించగానే "ఇదేనేటి?" అని నాన్న లేచి నిలబడబోయాడు. కాదు, ఇంకొంచెం ముందుకెళ్లాలి.

క్యాంపస్ గేటు దగ్గర నీలాంటి పిల్లలు, నాన్నలాంటి నాన్నలు. అందరి దగ్గరా అదే ప్లాస్టిక్ కవరు. చాలామంది దగ్గర అదే ట్రంకు పెట్టె. కాగితాలు చూశారు, సంతకాలు పెట్టించారు, గది నంబరు రాసిచ్చారు. హాస్టల్లో పరుపు పరిచి, పెట్టె మంచం కిందికి తోసి, బక్కెట్టు కొనిచ్చి, నాన్న గేటు దాకా నడిచాడు.

"ఎంత దూరమే తల్లీ, రెండు గంటలు. ఏటైనా అయితే ఒక్క ఫోను కొట్టు, వచ్చీస్తాను."

ఆయన వెళ్లిపోయాక తెలిసింది, రెండు గంటలంటే ఎంతో. కోటబొమ్మాళిలో మీ ఇంటికి రైలు పట్టాలు దగ్గర. హౌరా నుంచి చెన్నై పోయే లైను అది. రాత్రంతా బళ్లు పోతూనే ఉంటాయి, వాటి చప్పుడులో నీకు నిద్ర పట్టడం పుట్టుకతో అలవాటు. ఇక్కడ ఫ్యాను చప్పుడు, పక్క మంచం పిల్ల దుప్పట్లోంచి ముక్కు ఎగబీల్చడం. నువ్వు పలకరించలేదు. ఆమె నిన్ను పలకరించలేదు. ఇద్దరికీ అవతలి మనిషి మేలుకునే ఉందని తెలుసు.

ఆగస్టు

తెల్లారి లేవగానే బక్కెట్టుతో వరుసలో నిలబడటం నేర్చుకున్నావు. టిఫిన్‌కు వరుస, భోజనానికి వరుస. మెస్సు పప్పులో మునక్కాడ ఉన్నా అమ్మ పెట్టే ఆవ ఘాటు లేదు. మాగాయ సీసా మూడు జిల్లాల మధ్య తిరిగి ఖాళీ అయింది. నీ గదిలో ఒకమ్మాయి పార్వతీపురం కొండల పక్క నుంచి, ఒకమ్మాయి కోనసీమ నుంచి, ఇంకొకామె గుంటూరు వైపు నుంచి. కొన్నేళ్లుగా ఎంపిక జాబితాలో అబ్బాయిల కంటే అమ్మాయిలే ఎక్కువ. అందుకే ఇటు హాస్టళ్లు ఎప్పుడూ కిటకిట.

మొదటి గంట లెక్కలు. సార్ బోర్డు మీద ప్రమేయాలు రాస్తున్నారు. ఇంగ్లీషులో చెబుతున్నారు. నీకు ఇంగ్లీషు రాదని కాదు. నువ్వూ ఇంగ్లీషు మీడియం పరీక్షే రాశావు. కానీ మీ హైస్కూల్ పుస్తకాల్లో ఎడమ పేజీ ఇంగ్లీషయితే కుడి పేజీ తెలుగు. 2020 తర్వాత సర్కారు బడికి వచ్చిన ద్విభాషా పుస్తకాలవి. అర్థం కానప్పుడల్లా కన్ను పక్క పేజీకి జారేది. మీ మాస్టారు కూడా ఇంగ్లీషులో ఒక ముక్క చదివి తెలుగులో నాలుగు ముక్కలు చెప్పేవారు. ఇక్కడి పుస్తకానికి పక్క పేజీ లేదు. నోట్సులో ఖాళీలు వదులుతూ రాసుకున్నావు, తర్వాత నింపుకోవచ్చని. వారం గడిచేసరికి నోట్సులో రాత కంటే ఖాళీలు ఎక్కువైపోయాయి.

చెయ్యెత్తి అడగొచ్చు. మీ బడిలో అడిగేదానివి కూడా. ఇక్కడ చెయ్యి లేవదు. అడిగితే ఆ ప్రశ్న విని వెనక బెంచీ నుంచి ఎవరో నవ్వుతారని భయం. ఎవరూ నవ్వలేదు ఇంతవరకు. అయినా భయం.

నవ్వింది మాత్రం గదిలో. గుంటూరమ్మాయి ఏదో వెతుక్కుంటుంటే "ఏటి పోయినాది?" అన్నావు. ఆమె పొట్ట పట్టుకొని నవ్వింది. చెడ్డ పిల్ల కాదు; సినిమాలో తప్ప ఎదురుగా ఆ మాట విననిది. ఆ రోజు నుంచి నువ్వు మాట్లాడే ముందు మనసులో వాక్యాన్ని ఒకసారి ఉతికి ఆరేసుకుంటున్నావు. అమ్మతో ఫోనులో ఒక భాష, గదిలో ఒక భాష, తరగతిలో ఒక భాష. రాత్రికి నోరు అలిసిపోతోంది.

నెలాఖరుకు, 29న, తెలుగు భాషా దినోత్సవం వచ్చింది. తెలుగు మేడం గిడుగు రామమూర్తి గురించి చెప్పారు. జనం మాట్లాడే భాషే పుస్తకాల్లోకి రావాలని గ్రాంథికవాదులతో జీవితమంతా పోట్లాడినవాడు, సవరల భాష నేర్చుకొని వాళ్ల కోసం పుస్తకాలు రాసినవాడు. 1863లో ఆయన పుట్టిన పర్వతాలపేట ఎక్కడుందో తెలుసా అని అడిగారు. నీకు తెలుసు. ముఖలింగం వెళ్లే దారి, వంశధార ఒడ్డు. మీ అత్త వాళ్ల ఊరు అటే. చెయ్యెత్తావు.

"మా సిక్కోలే మేడం" అన్నావు. ఆ మాటను ఉతకలేదు, ఆరెయ్యలేదు. ఎవరూ నవ్వలేదు.

సెప్టెంబర్

మొదటి మిడ్ మార్కులు వచ్చాయి.

జాబితాలో నీ పేరు వెతకడం పై నుంచి మొదలుపెట్టావు. అలవాటు అది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నీ పేరు వెతకాల్సిన అవసరమే రాలేదు, మొదటి వరుసలోనే ఉండేది. కన్ను దిగుతూ పోయింది. సగం దాటింది. ఇంకా దిగింది. ఫిజిక్సులో అయితే చివరి నుంచి వెతికి ఉంటే తొందరగా దొరికేది.

ఇక్కడ ఆగి ఒక మాట ఆలోచించాలి. ఈ క్యాంపస్‌కు ఎంట్రన్స్ పరీక్ష లేదు. కరోనా ఏళ్లు తప్పిస్తే ఎప్పుడూ పదో తరగతి మార్కులే కొలమానం. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు నాలుగు శాతం కలుపుతారు. అంటే ఒక్కో బడి నుంచి, ఒక్కో ఊరి నుంచి, పై మెట్టు మీదున్న పిల్లనే ఏరి తెస్తారు. ఏటా వెయ్యికి పైగా పిల్లలు. అందరూ తమ తమ బడుల్లో ఫస్టు. ప్రార్థనలో ప్రతిజ్ఞ చదివింది వీళ్లే. ఇన్‌స్పెక్షన్‌కు పెద్దసార్లొస్తే మాస్టారు లేపి నిలబెట్టింది వీళ్లనే. రిజల్టు రోజున ఫ్లెక్సీలో ఫొటో పడిందీ వీళ్లదే. ఆ వెయ్యిమందిని ఒక్కచోట కూర్చోబెట్టి పరీక్ష పెడితే ఒక్కరే ఫస్టు వస్తారు. మిగతా అందరూ పదిహేనేళ్ల వయసులో మొట్టమొదటిసారి ఫస్టు కాకుండా పోతారు.

పాఠం రాకపోతే నేర్చుకోవచ్చు. 'నేను ఫస్టు' అనే మాట మీద నిలబెట్టుకున్న మనిషి ఆ మాట పోయాక దేని మీద నిలబడాలో ఏ సిలబస్‌లోనూ లేదు. యూనివర్సిటీ మొదటి ఏడాదిలో అసలు కష్టం ఇదే. మెస్సు తిండి, బక్కెట్టు వరుస, ఇంటి బెంగ, ఇంగ్లీషు అన్నీ దీని తర్వాతే.

ఇది కోటబొమ్మాళి పిల్లకే వచ్చిన కష్టమూ కాదు. హెర్బర్ట్ మార్ష్ అనే విద్యా మనస్తత్వ శాస్త్రవేత్త, జాన్ పార్కర్‌తో కలిసి 1984లోనే దీని గురించి రాశారు. సరిసమానమైన తెలివి ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు మామూలు బడిలో, మరొకరు గట్టి పిల్లలే ఉన్న బడిలో చదివితే రెండో బిడ్డకు తన చదువు మీద నమ్మకం తగ్గుతుందని వాళ్లు తేల్చారు. తెలివి తగ్గదు, నమ్మకమే తగ్గుతుంది. పిల్ల తనను తాను కొలుచుకునేది పక్క బెంచీతో కాబట్టి. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో చూశారు, చాలాచోట్ల ఇదే కనిపించింది.

ఈ సంగతి నీకప్పుడు తెలియదు. నీకు తెలిసిందల్లా ఇంటికి ఫోన్ చెయ్యాలి, నాన్న అడుగుతాడు. అడిగాడు కూడా.

"ఎన్నొచ్చాయే తల్లీ?"

"బాగానే వచ్చాయి నాన్నా."

అబద్ధం చెప్పడం కూడా కొత్తే.

అదే నెలలో ఊళ్లో కొత్తమ్మతల్లి జాతర. మూడు రోజులు. ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసిందని నాన్న ఫోనులో గొప్పగా చెప్పాడు. ఈ మూడు రోజులూ కోటబొమ్మాళిలో ప్రతి ఇంటికీ చుట్టాలు దిగుతారు. ఆడవాళ్లు ఘటాలు ఎత్తుకొని గుడికి నడుస్తారు. డప్పులు, రంగులరాట్నం, జీళ్ల దుకాణాలు, రాత్రంతా మనుషులు. నువ్వు పుట్టినప్పటి నుంచి ఒక్క జాతర తప్పలేదు. ఈసారి మిడ్లయ్యాక ల్యాబ్, ల్యాబ్ అయ్యాక రికార్డు, మధ్యలో ఔటింగ్ లేదు. అమ్మ ఫోను గుడి వైపు తిప్పి పట్టుకుంది. నీకు డప్పులే వినిపించాయి, అమ్మ మాట వినపడలేదు.

ఆ రాత్రి బాత్రూం దగ్గర ఏడుస్తుంటే పీయూసీ రెండో ఏడాది అక్క చూసింది. ఇచ్ఛాపురం అమ్మాయి. ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. తన గదికి తీసుకెళ్లి పోయినేడాది తన మొదటి మిడ్ మార్కులు చూపించింది. నీకంటే తక్కువ.

"నానూ మా బడిలో ఫస్టే. ఇక్కడందరూ ఫస్టేనే. ఆ లెక్క గేటు బయట వదిలీసి రావాల. నాకు తెలవడానికి ఆర్నెల్లు పట్టింది, నీకు ఇప్పుడే చెప్పీసినాను."

ఏ క్యాంపస్‌లోనైనా గోడ మీద కనిపించాల్సిన నంబర్లు రెండున్నాయి. ర్యాగింగ్ ఫిర్యాదుకు 1800-180-5522, మనసు బాగోనప్పుడు మాట్లాడటానికి టెలి మానస్ 14416. రెండూ ఉచితమే. ర్యాగింగ్‌ను నేరం చేస్తూ ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం తెచ్చింది. వాటన్నిటి అవసరమూ ఉంది. వాటితోపాటు తన మార్కుల కాగితం తీసి చూపించే అక్క ఒకతె ప్రతి అంతస్తులోనూ ఉండాలి.

అక్టోబర్

తుపాను కబురు వచ్చింది. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారట. మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడి, గాలి కాస్త ఆగి మళ్లీ లేచింది.

గుంటూరమ్మాయి కిటికీ దగ్గర నిలబడి సరదాగా చూస్తోంది. నువ్వు చూడలేదు. నీకు ఎనిమిదేళ్లప్పుడు, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. ఎన్నో ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. మీ ఇంటి ముందు చెట్టు పడిన చప్పుడు ఇప్పటికీ నీ చెవిలో ఉంది. మామ్మ ఆ రోజు ఏం చేసిందో అంతా గుర్తుంది.

"కిటికీ మూసీండి" అన్నావు. ఎవరూ కదల్లేదు. గొంతు పెంచావు. "మూసీండి, గెడ పెట్టీండి. బక్కెట్లన్నీ నింపీయాల. కరెంటు పోతే మోటారుండదు, నీళ్లుండవు. పుస్తకాలు కింద పెట్టకండి, మంచాల మీదకెక్కించండి."

ముగ్గురూ నీ వైపు చూశారు. ఆ తర్వాత నాలుగు బక్కెట్లు కదిలాయి. వరండాలో పక్క గదుల వాళ్లకూ చెప్పావు. ఆరేసిన బట్టలు లోపలికొచ్చాయి. ఎవరి దగ్గర టార్చ్ ఉందో లెక్క తేలింది. వాక్యాలను ఉతికి ఆరేసుకోవడానికి ఆ సాయంత్రం నీకు తీరిక లేదు. అన్నీ సిక్కోలు మాటలే వచ్చాయి. అందరికీ అర్థమయ్యాయి.

రాత్రి కరెంటు పోయింది. గాలి హోరులో అందరూ ఒకే గదిలో చేరారు. పార్వతీపురం అమ్మాయి వాళ్ల కొండ ఊరి కబుర్లు చెప్పింది. కోనసీమ అమ్మాయి గోదావరి వరదకు ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు అటక మీద వంట చేసుకున్న సంగతి చెప్పింది. గుంటూరమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ఫిజిక్సులో తనకెన్నొచ్చాయో చెప్పింది. నీకంటే నాలుగు ఎక్కువ, అంతే. ఆమె ఈ మూడు నెలలూ రోజూ పడుకునే ముందు ఏడుస్తోందట. నవ్వుల పిల్లే. జూలైలో దుప్పట్లో ముక్కు ఎగబీల్చింది కూడా ఆమే.

తుపాను ఒడిశా వైపు తిరిగిపోయింది. ఊరికేం కాలేదని మర్నాడు నాన్న ఫోనులో చెప్పాడు. చేను పడలేదు.

అమెరికాలో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం గురించి రాశారు. కాలేజీ మొదటి ఏడాది పిల్లల్ని కూర్చోబెట్టి, పై తరగతుల వాళ్లు చెప్పిన సంగతులు చదివించారు. 'ఈ చోటికి నేను తగనేమో' అనే అనుమానం మొదట్లో అందరికీ వస్తుంది, రోజులు గడిస్తే పోతుంది, అదీ వాటి సారాంశం. తర్వాత ఆ పిల్లలచేతే వాళ్ల మాటల్లో దాన్ని రాయించారు. అంతా కలిపి గంట పని. తర్వాత మూడేళ్లలో నల్లజాతి పిల్లల మార్కులు పెరిగాయి. తెల్లవాళ్లకూ వాళ్లకూ మధ్య తేడా సగానికి తగ్గింది. పాఠం చెప్పలేదు, ట్యూషన్ పెట్టలేదు. 'నీ ఒక్కదానికే కాదు' అని నమ్మేలా చెప్పారు.

బాత్రూం దగ్గర అక్క ఒకసారి, టార్చ్ వెలుగులో గుంటూరమ్మాయి ఒకసారి నీకు చెప్పింది కూడా అదే.

మర్నాటి నుంచి లెక్కల నోట్సులో ఖాళీలు ఇద్దరూ కలిసి నింపుకోవడం మొదలుపెట్టారు. ఆమెకు ఇంగ్లీషు తెలుసు, నీకు లెక్క తెలుసు. తరగతిలో ఒకసారి చెయ్యెత్తి అడిగావు. "ఇది నాకూ డౌటే" అని వెనక నుంచి మూడు గొంతులు వినిపించాయి.

జనవరి

సంక్రాంతికి ఊరొచ్చావు. కోటబొమ్మాళి స్టేషన్‌లో రైలు దిగగానే ఊరు చిన్నదైనట్టు అనిపించింది. ఇంట్లో గుమ్మం కూడా పొట్టిదైంది. మామ్మ నిన్ను చూసి "చిక్కిపోనావే" అంది. నిజానికి రెండు కిలోలు పెరిగావు. అమ్మ ఆవ పెట్టి పనసపొట్టు కూర చేసింది. పొలంలో నూర్పిళ్లు అయిపోయాయి, ధాన్యం బస్తాలు అరుగు మీదకి చేరాయి.

చుట్టాలంతా అడిగే మొదటి మాట ఒకటే. "ఎన్నొచ్చాయే?" ఆ తర్వాతది "ర్యాంకెంత?" మీ పాత మాస్టారు రోడ్డు మీద కలిసి, "అక్కడా ఫస్టేనా?" అన్నారు. ఆయన కళ్లల్లో ఎంత సంబరమంటే, కాదని చెప్పడానికి నోరు రాలేదు.

రాత్రి అరుగు మీద నాన్న ధాన్యం లెక్క వేస్తుంటే పక్కన కూర్చున్నావు. సెప్టెంబర్‌లో చెప్పిన అబద్ధం బయటపెట్టావు. ఫిజిక్సు మార్కు ఎంతో చెప్పావు. ఇప్పుడు కాస్త పెరిగిందని, తరగతిలో మధ్యన ఉన్నానని చెప్పావు. ఆయన పెన్సిలు ఆగిపోయింది. చాలాసేపు ఏమీ అనలేదు.

"వెయ్యిమందిలో మధ్యన అంటే తక్కువేటే?" అన్నాడు చివరికి. "నాకైతే ఎకరానికి ఎన్ని బస్తాలొచ్చాయన్నదే లెక్క. పక్క చేలోడికి ఎన్నొచ్చాయో నేనెప్పుడూ చూడనేదు." కాసేపాగి, "అబద్ధమే. రోజూ చూత్తాను" అని నవ్వేశాడు.

పండుగ అయ్యాక తిరుగు ప్రయాణంలో నాన్న రాలేదు. ఒక్కదానివే బస్సెక్కావు. మడపాం వంతెన మీద నువ్వే తల తిప్పి నీటి మట్టం చూశావు. సంచిలో మాగాయ సీసాలు ఈసారి రెండు. ఒకటి గుంటూరమ్మాయి అడిగింది.

ఏప్రిల్

రెండో సెమిస్టర్ ముగింపుకొచ్చింది. ఎండ మండుతోంది. పీయూసీ మొదటి ఏడాది అయిపోవస్తోంది. నువ్వు ఇప్పటికీ క్లాసులో ఫస్టు కాదు. ఫిజిక్సు ఇంకా గట్టెక్కించుకోవాల్సిన సబ్జెక్టే. కంప్యూటర్ ల్యాబులో మాత్రం ప్రోగ్రాం తప్పు ఎక్కడుందో పట్టుకోవడంలో నీకు పేరొచ్చింది. పక్క సెక్షన్ వాళ్లు కూడా పిలుస్తున్నారు. ఈ యూనివర్సిటీకి మొదటి చాన్సలర్ అయిన రాజ్ రెడ్డి, మనిషి మాటను యంత్రానికి అర్థమయ్యేలా చేసే పనికి దారి వేసి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడని, ఆయనా అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు అనే పల్లెటూరి పిల్లాడేనని ల్యాబ్ సార్ చెప్పారు. నీకు నచ్చింది ఆ బహుమతి కంటే ఆ పని. సిక్కోలు మాట యంత్రానికి అర్థమవుతుందా అని అడిగావు. సార్ నవ్వలేదు. "నువ్వే చూడు, ఇంకా ఐదేళ్లున్నాయిగా" అన్నారు.

ఐదేళ్లలో బీటెక్, ప్రాజెక్టులు, ఉద్యోగం వేట అన్నీ ఉంటాయి. మొదటి ఏడాది చేసిన పని అంతకంటే చిన్నది, అంతకంటే కష్టమైనది. ఫస్టు రాకపోయినా తాను తానేనని ఒక పిల్లకు తెలిసొచ్చింది. తెలియక వెనక్కి వచ్చేసిన పిల్లలూ ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. ఆ సమయానికి అక్క ఎదురుపడలేదు, లేదా ఇంటికి ఫోను చేస్తే మార్కుల ప్రశ్న తప్ప ఇంకోటి రాలేదు.

వచ్చే జూలైలో మీ వీధి నుంచి కూడా ఒక ట్రంకు పెట్టె బస్సెక్కుతుంది. ఎచ్చెర్లకో, నూజివీడుకో, ఆంధ్రా యూనివర్సిటీకో, ఇంకెక్కడికో. పంపేవాళ్లకు ఒక్క విన్నపం. మొదటి ఆరు నెలలు ఆ పిల్లకు ఫోను చేసినప్పుడు మార్కులు అడగకండి. ఏం తిన్నావు, పక్క మంచం పిల్లది ఏ ఊరు, ఆమె ఎలా ఉంది అని అడగండి. మార్కులు చెప్పుకోవాలనిపించిన రోజున ఆ పిల్లే చెబుతుంది. ఆ రోజు తక్కువొచ్చాయని చెప్పినా, మునుపటిలాగే మాట్లాడండి.